శిబిరంలో ఆపద వస్తే విజిల్ ఎవరు ఊదాలి?

(యువ శిబిరాల వాలంటీర్లకు, గ్రూప్ లీడర్లకు జరిగిన శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారు చదువుకోవడానికి రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లు కాస్త ముందుకు జరగండి, ఇక్కడ ఖాళీ ఉంది. మైకు అక్కడిదాకా వినిపిస్తోందా? సరే.

పొద్దున మీ అందరికీ ఒక ఫైలు ఇచ్చారు. పైన అత్యవసర ప్రణాళిక అని రాసి ఉంది. అందులో మ్యాపు ఉంది, ఫోన్ నంబర్లు ఉన్నాయి, ఎవరి బాధ్యత ఏమిటో ఉంది. శ్రద్ధగా తయారుచేశారు, తప్పకుండా చదవండి. కానీ నేను మాట్లాడబోయేది ఆ ఫైలు గురించి కాదు. రాత్రి రెండు గంటలకు గాలివాన మొదలైతే ఆ ఫైలు ఎవరు తెరుస్తారు? ఎవరూ తెరవరు. ఆ టైములో పిల్లల టెంటు పక్కన ఉండేది ఎవరు? డైరెక్టరు గారా? డాక్టరు గారా? కాదు. మీరు. పందొమ్మిదేళ్లు, ఇరవయ్యేళ్లు ఉన్న మీరు. మీలో కొందరికి ఇదే మొదటి శిబిరం.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే, దాన్నే రకరకాలుగా చెబుతాను. ప్రమాదాన్ని అందరికంటే ముందు చూసేది శిబిరంలో అందరికంటే చిన్న హోదాలో ఉన్న మనిషి. ఆ మనిషికి, ఎవరినీ అడగకుండా అక్కడికక్కడ పని ఆపించే అధికారం ఉండాలి. ముందు ఆపండి, తర్వాత చెప్పండి. ఈ మాట ఇవాళ మీకు విసుగొచ్చేదాకా అంటాను.

ఎందుకింత గట్టిగా అంటున్నానో ఒక ఉదాహరణ చెబుతాను. 1993 మార్చి 22. ఇంగ్లండ్ దక్షిణ తీరంలో లైమ్ బే అనే చోటు. ఒక సాహస క్రీడల కేంద్రం నుంచి ఎనిమిది మంది విద్యార్థులు, వాళ్ల టీచరు, ఇద్దరు శిక్షకులు కయాక్ పడవల్లో సముద్రంలోకి వెళ్లారు. టీచరు గారి పడవ తిరగబడింది. ఒక శిక్షకుడు ఆయన దగ్గర ఆగిపోయాడు. ఈలోపు గాలి పిల్లల పడవలను లోపలికి తోసేసింది. అలలకు ఒక్కొక్క పడవే నీళ్లతో నిండిపోయింది. మార్చి నెల సముద్రం, ఒళ్లు కొరికే చలి. వాళ్లు తిరిగి రావాల్సిన టైము దాటి గంటలు గడిచాక గానీ తీర రక్షక దళానికి కబురు అందలేదు. నలుగురు పిల్లలు చనిపోయారు.

ఇక్కడ మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ఈ ప్రమాదానికి ముందే, అంతకుముందు సంవత్సరం, అదే కేంద్రంలో పనిచేసి మానేసిన ఒక శిక్షకురాలు యజమానికి ఉత్తరం రాసింది. భద్రత విషయం పట్టించుకోకపోతే ఏదో ఒకరోజు పిల్లల ప్రాణం పోతుందని హెచ్చరించింది. చూశారా? పై వాళ్లకు కనబడనిది కింద పనిచేసే అమ్మాయికి కనబడింది. చెప్పింది కూడా. కానీ ఆమె మాటకు బలం లేదు. తర్వాత కోర్టు ఆ కంపెనీని దోషిగా తేల్చింది, దాని అధిపతికి జైలు శిక్ష పడింది. 1995లో బ్రిటన్ పిల్లల సాహస కేంద్రాలకు లైసెన్సు తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. చట్టం మంచిదే. కానీ ఉత్తరం అందిన రోజునే ఎవరైనా ఆ మాట విని ఉంటే?

అందుకే ఇక్కడ ఉన్న డైరెక్టర్లను, సీనియర్లను ముందు అడుగుతున్నాను. మీ శిబిరంలో అందరికంటే చిన్న వాలంటీరు విజిల్ ఊదితే ఈత ఆగుతుందా? ట్రెక్కింగ్ ఆగుతుందా? లేక "ఎవరమ్మా ఊదింది, ఎందుకు ఊదావు, నన్ను అడిగావా" అని మొదలవుతుందా? రెండోదే అయితే మీ ఫైలు ఎంత బాగున్నా లాభం లేదు. ఒక్కసారి అందరి ముందూ ఆ పిల్లను కసిరారంటే చాలు, ఆ ఏడాది ఇంకెవరూ విజిల్ ముట్టుకోరు.

మరి, ఊరికే విజిల్ ఊదేస్తే ఎలా, భయపడి ప్రతిదానికీ ఆపేస్తే శిబిరం నడుస్తుందా అని మీకు అనుమానం రావచ్చు. సబబైన అనుమానమే. దానికి మందు ఏమిటంటే, ఎప్పుడు ఆపాలో గుర్తులు ముందే పెట్టుకోవడం. పగటిపూట, అందరూ ప్రశాంతంగా కూర్చుని ఉన్నప్పుడు పెట్టుకోవాలి. ఆ గుర్తు కనిపించాక ఇక చర్చ లేదు.

పిడుగు సంగతి చూడండి. మెరుపు కనిపించింది. లెక్కపెట్టడం మొదలుపెట్టండి. ఒకటి, రెండు, మూడు... ముప్ఫై లోపు ఉరుము వినబడిందా? అంటే పిడుగులు దాదాపు 10 కిలోమీటర్ల లోపలే ఉన్నాయి. ధ్వని ఒక కిలోమీటరు రావడానికి సుమారు మూడు సెకన్లు పడుతుంది, ఆ లెక్కన. 10 కిలోమీటర్లు దూరమే కదా అనుకోకండి, మబ్బు నెత్తి మీద లేకపోయినా అంత దూరానికి పిడుగు పడుతుంది. ఆట ఆపాలి, నీళ్లలో ఉన్నవాళ్లు బయటికి రావాలి, అందరూ గట్టి కట్టడంలోకి వెళ్లాలి. చివరి ఉరుము వినబడ్డాక 30 నిమిషాలు ఆగాలి. వాన తగ్గింది కదా, ఎండ వచ్చింది కదా అంటే కుదరదు. ఉరుము మళ్లీ వినబడితే లెక్క మళ్లీ మొదటి నుంచి. లెక్కపెట్టడం కుదరలేదా, ఉరుము వినబడితే చాలు, లోపలికి పదండి.

గట్టి కట్టడం అంటే ఏమిటి? గోడలు, కరెంటు వైరింగు, నీళ్ల పైపులు ఉన్న బిల్డింగు. అది లేకపోతే పైన లోహపు కప్పు ఉండి అద్దాలు మూసిన బస్సు, కారు. టెంటు పనికిరాదు. నాలుగు స్తంభాల మీద రేకులు వేసిన షెడ్డు పనికిరాదు. చెట్టు కింద అసలు వద్దు. ఇంకో సంగతి, పిడుగు తగిలిన మనిషి ఒంట్లో కరెంటు నిలవ ఉండదు. ముట్టుకోవచ్చు, ముట్టుకోవాలి కూడా. ముట్టుకుంటే షాక్ కొడుతుందని దూరంగా నిలబడితే, బతికించగలిగిన మనిషి మన కళ్ల ముందే పోతాడు.

ఇప్పుడు చూడండి, ముప్ఫై లెక్కపెట్టడానికి డైరెక్టరు కావాలా? పన్నెండేళ్ల పిల్లాడు కూడా లెక్కపెడతాడు. గుర్తు ముందే పెట్టుకోవడం అంటే ఇది. ఆపేది మీరు కాదు, ఆ ముప్ఫై అంకె. మీకు టెన్షన్ ఉండదు, ఎవరితోనూ వాదన ఉండదు.

నీళ్ల విషయం కాస్త ఎక్కువసేపు చెబుతాను. శిబిరాల్లో పెద్ద విషాదాలు చాలావరకు నీళ్ల దగ్గరే జరిగాయి.

అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలో గ్వాడలూప్ అని ఒక నది. దాని ఒడ్డున ఎన్నో ఏళ్లుగా వేసవి శిబిరాలు నడుస్తున్నాయి. 1987 జూలై 17 తెల్లవారుజామున నదికి వరద వచ్చింది. ఒక శిబిరం వాళ్లు పిల్లలను బస్సు, వ్యాను ఎక్కించి ఖాళీ చేయించారు. ఖాళీ చేయించడం సరైన పనే కదా? కానీ వెళ్లే దారి మీదకే నీళ్లు వచ్చేశాయి. బస్సు ఆగిపోయింది. పిల్లలు ఒకరి చేతులు ఒకరు పట్టుకుని నడవబోతే ప్రవాహం విడదీసింది. పదిమంది యువతీయువకులు చనిపోయారు.

అదే నది. 2025 జూలై 4. రాత్రి 1:14కి వాతావరణ శాఖ ఆకస్మిక వరద హెచ్చరిక ఇచ్చింది. అందరూ నిద్రలో ఉన్నారు. ఆ తెల్లవారుజామున నది 45 నిమిషాల్లో దాదాపు 8 మీటర్లు పెరిగిందని అక్కడి అధికారులు చెప్పారు. క్యాంప్ మిస్టిక్ అనే బాలికల శిబిరంలో పిల్లలు, వాళ్లను చూసుకునే యువ కౌన్సెలర్లు కలిపి 27 మంది చనిపోయారు. కౌన్సెలర్లు అంటే ఎవరు? మీ వయసు వాళ్లు. ఆ తర్వాత టెక్సాస్ ప్రభుత్వం శిబిరాల భద్రత మీద కొత్త చట్టాలు చేసింది, వరద వచ్చే మైదానంలో పిల్లల్ని పడుకోబెట్టే గదులు ఉండకూడదని.

ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకచోట ఖాళీ చేయించేటప్పటికి ఆలస్యమైంది, దారే ముంచింది. ఇంకోచోట నిద్రలో ఉండగానే నీళ్లు వచ్చేశాయి. మరి ఏం చేయాలి? మొదటిది, రాత్రి పడుకునే చోటు ఎత్తులో ఉండాలి. ఇది శిబిరం వేసే ముందు తేలిపోవాల్సిన విషయం, నది ఎంత అందంగా కనబడినా సరే. రెండోది, ఖాళీ చేయడమంటే బస్సు అని కాదు. చాలాసార్లు కాళ్లే నయం. టెంటు వెనక గుట్ట ఉంటే గుట్ట ఎక్కాలి. పైకి వెళ్లే దారి ప్రతి పిల్లాడికీ తెలిసి ఉండాలి, చీకట్లో ఒకసారి నడిచి ఉండాలి. మూడోది, రాత్రి వాన పడుతుంటే ఒకరు మేలుకుని ఉండాలి. ఆ ఒకరి దగ్గర హెచ్చరికలు వినిపించే ఫోనో, రేడియోనో ఉండాలి. ఏ గుర్తు దగ్గర అందరినీ లేపాలో ఆ మనిషికి ముందే చెప్పి ఉండాలి. ఒడ్డున ఒక రాయికి రంగు వేయండి. నీళ్లు ఆ రంగు తాకితే లేపేయడమే. ఎవరినీ అడగక్కర్లేదు.

పారే నీళ్లను చూసి లోతు లేదులే అనుకుంటాం. వేగంగా పారుతుంటే 15 సెంటీమీటర్ల నీళ్లు, అంటే మన చీలమండ దాటి కాస్త పైకి, పెద్దవాణ్ణి కూడా పడేయగలవు. 30 సెంటీమీటర్లు ఉంటే చిన్న కారు కొట్టుకుపోవచ్చు. 60 సెంటీమీటర్లకు చాలా వాహనాలు తేలిపోతాయి. పిల్లల మోకాళ్ల ఎత్తు ఎంతో మీకు తెలుసు.

ఇంకొకటి. వరద రావడానికి మన నెత్తిన వాన పడక్కర్లేదు. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నది మధ్య రాళ్ల మీద ఫొటోలు దిగుతున్న ఇంజనీరింగ్ విద్యార్థులు ఇరవై నలుగురు, వాళ్లతో ఉన్న టూర్ నిర్వాహకుడు కొట్టుకుపోయారు. వాన లేదు. పైనున్న లార్జి డ్యామ్ నుంచి నీళ్లు వదిలారు. మీరు పిల్లల్ని తీసుకెళ్లే వాగుకు ఎగువన ఏముంది? డ్యామ్ ఉందా, చెక్‌డ్యామ్ ఉందా, కొండలున్నాయా? శిబిరం మొదలయ్యే ముందు ఇది తెలుసుకోండి. నీళ్ల రంగు మారినా, ఆకులు, పుల్లలు కొట్టుకొస్తున్నా, శబ్దం పెరిగినా అంతే. ముందు ఆపండి, తర్వాత చెప్పండి.

ఇక ఈత. మునిగిపోయేవాడు చేతులు ఊపి "రక్షించండి" అని అరుస్తాడని అనుకుంటున్నారా? అరవడు. అరవడానికి ఊపిరి ఉండదు. నోరు నీటి మట్టం దగ్గర పైకీ కిందకీ ఆడుతుంటుంది, తల వెనక్కి వాలుతుంది, చేతులు పక్కలకు చాపి నీళ్లను కిందకు నొక్కుతుంటాడు. దూరం నుంచి చూస్తే ఆడుకుంటున్నట్టే ఉంటుంది. ఇదంతా ఒక నిమిషం కూడా ఉండదు. అంతసేపూ గోల చేస్తున్న పిల్లాడు ఉన్నట్టుండి నిశ్శబ్దం అయిపోయాడా, అటు చూడండి. నీళ్ల దగ్గర డ్యూటీలో ఉన్నప్పుడు ఫోన్ జేబులో కూడా వద్దు, వేరేవాళ్లకు ఇచ్చేయండి. మునుగుతున్నవాడి కోసం మీరు దూకకండి. కర్ర చాపండి, తాడు విసరండి, తేలేది ఏదైనా విసరండి. శిక్షణ లేనివాళ్లు దూకితే ఇద్దరు పోతారు.

తలల లెక్క

దీన్ని దగ్గర నుంచి చూపిస్తాను, ఎందుకంటే అందరూ ఇది తేలికనుకుంటారు.

రాత్రి డ్రిల్ పెట్టారు, అంటే ఆపద వచ్చిందనుకుని చేసే సాధన. విజిల్ మోగింది. పిల్లలు కళ్లు నులుముకుంటూ మైదానంలోకి వచ్చారు. వాలంటీరు టార్చి వేసి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతున్నాడు. లెక్కపెడుతుంటే ఒక పిల్లాడు ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లి స్నేహితుడి పక్కన నిలబడ్డాడు. వాణ్ణి రెండుసార్లు లెక్కించారు. మొత్తం సరిపోయింది! అందరూ హమ్మయ్య అనుకున్నారు. అప్పుడు బాత్రూమ్ వైపు నుంచి ఒక పాప నిద్రమొహంతో వచ్చింది. "ఏమైందక్కా?" అంది. అది డ్రిల్ కాబట్టి సరిపోయింది.

పేర్లు పిలిస్తే? పిలవండి, కానీ చీకట్లో ఏం జరుగుతుందో తెలుసా? రాని స్నేహితుడి పేరు పిలిస్తే పక్కవాడు "ఉన్నాడన్నా" అంటాడు. అబద్ధం ఆడాలని కాదు. ఇప్పుడే వెనక చూశాను, వస్తున్నాడులే అనుకుంటాడు. కాబట్టి ఇలా చేయండి. టెంటు వారీగా వరసల్లో కూర్చోబెట్టండి, నిలబెట్టొద్దు. కూర్చున్న పిల్లాడు జరగడు. పేరు పిలిచి, ఆ పిల్లాడి భుజం మీద చెయ్యి వేసి, టిక్కు పెట్టండి. చెయ్యి తగలనిదే టిక్కు లేదు. ప్రతి పిల్లాడికీ ఒక జత ఉండాలి, వాళ్లిద్దరూ ఒకరికొకరు పూచీ. ఈతలో అయితే విజిల్ ఊదగానే జంటలు చేతులు పట్టుకుని పైకెత్తాలి. ఒంటరి చెయ్యి కనబడిందా, ఈత ఆగినట్టే.

జాబితా కాగితం మీద ఉండాలి. ఫోన్‌లో ఉందండీ అంటారు. ఛార్జింగ్ అయిపోతే? వానలో తడిస్తే? ప్రింట్ తీసి ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఒక కాపీ ఆఫీసులో, ఒక కాపీ అందరూ చేరే చోట పెట్టండి. వంటవాళ్లు, డ్రైవరు, ఆ రోజు చూడడానికి వచ్చిన అతిథులు, వాళ్ల పేర్లూ అందులో ఉండాలి. సాయంత్రం ఒక పిల్లాణ్ణి వాళ్ల మామయ్య వచ్చి తీసుకెళ్లారనుకోండి, ఆ సంగతి జాబితాలోకి ఎక్కకపోతే రాత్రంతా లేని పిల్లాడి కోసం వెతుకుతాం. అది టెంట్లకు నిప్పంటుకున్న రాత్రి అయితే, అలా వెతకడానికి మంటల్లోకి వెళ్లిన మనిషి ప్రాణానికి ఎవరు పూచీ?

ఒకవేళ నిజంగానే ఒక పిల్లాడు కనబడకపోతే ఎంతసేపు ఆగుతారు? నన్ను అడిగితే పది నిమిషాలకు మించి వద్దు. ముందు నీళ్ల దగ్గర చూడండి, తర్వాతే మిగతా చోట్లు. పది నిమిషాల్లో దొరకలేదా, పోలీసులకు ఫోన్. పరువు పోతుందేమో, ఇంకాస్త చూద్దాం అనే మాట ఎవరి నోటా రాకూడదు.

ఫోన్ అన్నాను కాబట్టి అదీ చెప్పేస్తాను. 2016 జూన్ 18. రష్యాలో కరేలియా ప్రాంతం, స్యామోజెరో అనే సరస్సు. తుఫాను వస్తుందని తెలిసినా ఒక శిబిరం పిల్లల్ని పడవల్లో తీసుకెళ్లింది. పద్నాలుగు మంది పిల్లలు చనిపోయారు. ఆ గండంలోంచి ఒక పిల్లాడు సహాయం కోసం ఫోన్ చేశాడు. అందుకున్నవాళ్లు పిల్లల ఆటలే అనుకుని వదిలేశారు. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. ప్రమాదంలో ఉన్న పిల్లాడు చేయాల్సింది చేశాడు. విన్న పెద్దవాళ్లు నమ్మలేదు.

మనం రెండు పనులు చేయాలి. పిల్లాడు వచ్చి "అక్కా, వాడికి బాగోలేదు" అంటే లేచి వెళ్లి చూడాలి. పదిసార్లు వచ్చినా పదిసార్లూ వెళ్లాలి. రెండోది, ఫోన్‌లో ఎలా మాట్లాడాలో నేర్పాలి. మొదటి మాట ఎక్కడున్నామో చెప్పాలి. ఏమైందో కాదు, ఎక్కడ. లైను మధ్యలో తెగిపోయినా చోటు తెలిస్తే బండి బయలుదేరుతుంది. తర్వాత ఏం జరిగింది, ఎంతమందికి, మన నంబరు ఏది. అవతలివాళ్లు పెట్టేయమనేదాకా ఫోన్ పెట్టకూడదు. శిబిరం చిరునామా, దగ్గరి గుర్తులు, మ్యాపులో మన చోటును చూపే అంకెలు (అక్షాంశం, రేఖాంశం), ఇవన్నీ కాగితం మీద రాసి ప్రతి వాలంటీరు ఐడీ కార్డు వెనక అంటించండి. టెన్షన్‌లో మన పేరే మనకు గుర్తురాదు, చిరునామా ఎక్కడ గుర్తొస్తుంది? సిగ్నల్ ఎక్కడ వస్తుందో మొదటి రోజే నడిచి చూడండి. ఫోన్ చేశాక ఒకరు టార్చితో గేటు దగ్గరికి పరిగెత్తాలి. అంబులెన్స్ గేటు దాకా వచ్చి, లోపల దారి తెలియక తిరుగుతుంటే పోయేవి మన నిమిషాలే.

మందులు, ఒంటి సంగతులు

ఇప్పుడొక ప్రశ్న. ఉబ్బసం ఉన్న పిల్లాడి ఇన్‌హేలర్ ఎక్కడ ఉండాలి? చెప్పండి. ఆఫీసు అల్మారాలోనా? చాలా శిబిరాల్లో మొదటి రోజే మందులన్నీ తీసుకుని, పేర్లు రాసి, అల్మారాలో పెట్టి తాళం వేస్తారు. మామూలు మందులకు అది మంచి పద్ధతి. కానీ ఇన్‌హేలర్, తీవ్రమైన అలర్జీకి వాడే అడ్రినలిన్ ఇంజెక్షన్, ఈ రెండూ పిల్లాడితోనో, వాడి గ్రూప్ లీడరు నడుముకున్న సంచిలోనో ఉండాలి. కొండ సగం ఎక్కాక పిల్లాడికి ఆయాసం వచ్చింది. అల్మారా కింద ఉంది, తాళంచెవి ఉన్నవాళ్లు బజారుకు వెళ్లారు. ఏం చేస్తారు?

తీవ్రమైన అలర్జీ అంటే ఒళ్లంతా దద్దుర్లు, పెదవులు, నాలుక వాయడం, గొంతు బొంగురుపోవడం, ఊపిరి ఆడకపోవడం, కళ్లు తిరగడం. అలాంటప్పుడు ఇంజెక్షన్ తొడకు బయటి వైపు మధ్యలో, బట్టల మీద నుంచే ఇవ్వొచ్చు. పడుకోబెట్టండి, ఊపిరి కష్టంగా ఉంటే కూర్చోనివ్వండి, లేపి నడిపించకండి. తేరుకున్నా ఆసుపత్రికి వెళ్లాల్సిందే, కొన్ని గంటల తర్వాత మళ్లీ తిరగబెట్టొచ్చు.

వడదెబ్బ. ఎండలో ఆడుతున్న పిల్లాడు తడబడుతూ, పొంతన లేకుండా మాట్లాడుతున్నాడా? ఒళ్లు కాలిపోతోందా? అది అలసట కాదు. శరీరం లోపలి వేడి 40 డిగ్రీలు దాటితే మెదడు దెబ్బతింటుంది. చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే అనుకోకండి, ఆడుతూ పడిపోయినవాళ్లకు చెమట ఉండొచ్చు. ముందు చల్లబరచండి, తర్వాత తరలించండి. తొట్టిలో చల్లటి నీళ్లుంటే మెడ దాకా కూర్చోబెట్టి తలను పట్టుకోండి. లేకపోతే నీళ్లు గుమ్మరిస్తూ గాలి తగిలేలా విసరండి. అంబులెన్స్ వచ్చేదాకా ఆపొద్దు. మాట స్పష్టంగా లేని పిల్లాడికి నోట్లో నీళ్లు పోయొద్దు.

పాము కరిస్తే కట్టు బిగించొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. కరిచిన చెయ్యో కాలో కదలకుండా చూసి, ఉంగరాలు, గాజులు, చెప్పులు తీసేసి, పిల్లాణ్ణి నడిపించకుండా మోసుకెళ్లండి. విరుగుడు మందు దొరికే ఆసుపత్రి ఏదో ముందే కనుక్కోండి. దగ్గరి ఆసుపత్రిలో అది లేకపోవచ్చు.

గుండె ఆగితే సీపీఆర్, అంటే ఛాతీ మధ్యలో గట్టిగా నొక్కుతూ, నోటితో శ్వాస ఇవ్వడం. నొక్కడం నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవాళ్లకు 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, పిల్లలకు ఛాతీ మందంలో మూడో వంతు. మునిగినవాళ్లకు అయితే ముందు నోటితో శ్వాస ఇవ్వాలి, వాళ్లకు తక్కువైంది గాలి కాబట్టి. ఇది మాటలతో వచ్చేది కాదు, మధ్యాహ్నం బొమ్మ మీద అందరూ నొక్కాలి, ఎవరినీ వదిలేది లేదు.

ఒకటి మర్చిపోయేవాణ్ణి. చలి వేస్తోందని బొగ్గుల కుంపటి గానీ, స్టవ్ గానీ టెంటు లోపలికి తీసుకెళ్లనివ్వకండి. ఆరిపోతున్న బొగ్గులు కూడా వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, రంగు ఉండదు. నిద్రలో ఉన్నవాళ్లు నిద్రలోనే పోతారు.

ఇదంతా విని పిల్లలు చిన్నవాళ్లు కదా, వాళ్లేం చేయగలరు అనిపిస్తుంది. 2008 జూన్ 11న అమెరికాలో అయోవా రాష్ట్రంలో ఒక స్కౌట్ శిబిరం మీద సుడిగాలి విరుచుకుపడింది. నలుగురు అబ్బాయిలు చనిపోయారు, దాదాపు యాభై మంది గాయపడ్డారు. చెట్లు కూలి దారి మూసుకుపోయింది. సహాయ బృందాలు వచ్చేలోపు మిగిలిన అబ్బాయిలే రక్తం ఆపారు, కట్లు కట్టారు, శిథిలాల కింద ఉన్నవాళ్లను బయటికి లాగారు. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లు. నేర్పితే చేస్తారు. అందుకే డ్రిల్ మనం చేసి పిల్లలకు చూపించడం కాదు, పిల్లల చేతే చేయించాలి. మొదటి రోజు సాయంత్రమే, సామాను సర్దుకోకముందే. మూడో రోజు వానలోనో చీకట్లోనో ఇంకోసారి. ఆ డ్రిల్‌లో డైరెక్టరు గారిని "మీరు లేరు అనుకోండి" అని పక్కన కూర్చోబెట్టండి. అప్పుడు తెలుస్తుంది పని ఎక్కడ ఆగిపోతోందో.

ఇక్కడ ఒక చెల్లెమ్మ చెయ్యి ఎత్తింది. అడుగమ్మా. "నేను ఆపేశాక ఏమీ కాకపోతే అందరూ నవ్వుతారేమో" అంటోంది. మంచి ప్రశ్న. దీనికి జవాబు నీ దగ్గర కాదు, ముందు వరసలో కూర్చున్న పెద్దవాళ్ల దగ్గర ఉంది. సార్, మేడమ్, మీ శిబిరంలో విజిల్ ఊదాక ఏమీ కాకపోతే, ఆ రాత్రి సమావేశంలో అందరి ముందూ ఆ వాలంటీరుకు థాంక్స్ చెప్పండి. ఏం చూసి ఆపావో చెప్పమని అడగండి. అందరికీ ఒక కొత్త గుర్తు తెలుస్తుంది. అరగంట ఆట పోతుంది, పోనివ్వండి.

ఆపద గడిచాక చేయాల్సింది చాలామంది వదిలేస్తారు. తల్లిదండ్రులకు ఎవరు చెప్పాలి? ఒక్కరే చెప్పాలి, ఆ ఒక్కరు ఎవరో ముందే అనుకోవాలి. వాళ్లకు తెలిసేది మన ఫోన్ వల్ల కావాలి, ఎవరో పెట్టిన వీడియో వల్ల కాదు. తెలిసింది చెప్పండి, తెలియనిది ఊహించి చెప్పకండి, మళ్లీ ఎన్ని గంటలకు ఫోన్ చేస్తారో చెప్పి, ఆ టైముకు కొత్త కబురు ఏమీ లేకపోయినా చేయండి. బిడ్డ దూరంగా ఉన్న తల్లికి ఆ ఫోన్ రావడం ఎంత ముఖ్యమో మీకు చెప్పక్కర్లేదు.

పిల్లల్ని ఆ రాత్రి ఒంటరిగా వదలకండి. ఏం జరిగిందో చెప్పమని బలవంతం చేయకండి, చెబుతుంటే మధ్యలో ఆపకండి. కొందరు నవ్వుతారు, ఆడుకుంటారు, దాన్ని తప్పుపట్టొద్దు. రోజూ చేసే పనులు రోజూ చేసే టైముకే చేయించండి. అందరికంటే ముందు చూసి అందరినీ కదిలించిన వాలంటీరు కూడా ఇరవయ్యేళ్ల పిల్లే. ఆ పిల్ల దగ్గర కూడా ఒకరు కూర్చోవాలి.

ప్రతి గ్రూపు దగ్గర ఒక చిన్న నోటు పుస్తకం, పెన్సిలు ఉంచండి. పెన్ను తడిస్తే రాయదు. ఏ టైముకు ఏం చూశారు, ఏం చేశారు, ఏ మందు ఇచ్చారు, ఎవరికి ఫోన్ చేశారు, అప్పటికప్పుడు రాయండి. అంబులెన్స్‌లో వచ్చినవాళ్లకు ఆ పేజీ చూపించండి. ఇంజెక్షన్ ఎన్ని గంటలకు ఇచ్చారో డాక్టరుకు తెలియాలి, దాన్ని బట్టే ఆయన తర్వాతి మందు నిర్ణయిస్తారు.

సరే. బయట వరసలు గీసి ఉన్నాయి. గ్రూపుల వారీగా వెళ్లి కూర్చోండి, తలల లెక్క చేద్దాం. జాబితాలు నా దగ్గర ఉన్నాయి. ప్రతి గ్రూపులో అందరికంటే చిన్నవాళ్లు ఎవరో చూసుకుని విజిల్ వాళ్లకు ఇవ్వండి.